అరవై దాటినవారికి కుర్చీ వేసి యోగా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేయడం టీవీలో చూశాక, మనమూ మొదలుపెడదామని నాలాంటి పెద్దవాళ్లకు ఆశ పుట్టింది. ఉద్యోగ విరమణ అయ్యాక, జీవితంలో మొదటిసారి యోగా నేర్చుకోవాలనుకున్నాను. అయితే అరవై దాటి కొత్తగా మొదలుపెట్టేవారికి మన ఊళ్లలో సరైన చోటు లేదు. ఉన్న క్లాసులన్నీ చాప మీద చటుక్కున కూర్చుని లేవగలిగిన వాళ్ల కోసమే నడుస్తున్నాయి.

మా దగ్గరి పార్కులో తెల్లవారుజామున జరిగే ఉచిత శిబిరానికి వెళ్లాను. ముందు వరుసల్లో ఎన్నాళ్లుగానో చేస్తున్నవాళ్లు, వెనక మేము. నా పక్కన మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ ఉన్నారు. వజ్రాసనం అనగానే అందరితోపాటు కాలు మడవబోయి, నొప్పితో పక్కకు ఒరిగిపోయారు. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చింది. ‘ఇంక రానమ్మా, నలుగురిలో ఏం బావుంటుంది’ అన్నారు. మళ్లీ రాలేదు కూడా. శిక్షకుణ్ని నేను తప్పుపట్టను. ఒక్కడే మనిషి, చేతిలో మైకు, ఎదురుగా అంతమంది. ఎవరికి బీపీ ఉందో, ఎవరి కంట్లో నీటికాసులు (గ్లాకోమా) ఉన్నాయో అతనికెలా తెలుస్తుంది?

కానీ ఈ వయసులో ఆ సంగతి తెలియకుండా నేర్పకూడదు. తల కిందికి వంచే ఆసనాల్లో కంటిలో ఒత్తిడి పెరుగుతుంది, నీటికాసులు ఉన్నవారికి అది మంచిది కాదు. ఎముకలు గుల్లబారిన వారు నడుము బాగా ముందుకు వంచితే వెన్నుపూస చితికే ప్రమాదం ఉంది. ఆయుష్ శాఖ యోగా దినోత్సవం కోసం తయారుచేసిన 45 నిమిషాల క్రమంలో, ముందుకు వంగి పాదాలు తాకే పాదహస్తాసనం, ఊపిరిని వేగంగా బయటికి వదిలే కపాలభాతి రెండూ ఉన్నాయి. గుండె జబ్బు ఉన్నవారు వీటి జోలికి పోవద్దని ఆ క్రమాన్ని వివరించే పుస్తకంలోనే రాసి ఉంది. శిబిరాల్లో ఆ ముక్క చెప్పేవారే కరువయ్యారు.

ఇదంతా చదివి పెద్దవాళ్లు భయపడి మానుకోవాలని నా ఉద్దేశం కాదు. 65 దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు, తూలిపడకుండా నిలబెట్టే వ్యాయామాలు, బలమిచ్చే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే మనిషి మంచాన పడిపోవడం ప్రతి వీధిలో చూస్తూనే ఉన్నాం. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా నెమ్మదిగా లేచి మళ్లీ కూర్చోవడం, ఊపిరి బిగబట్టకుండా చేసే తేలికపాటి ప్రాణాయామం చాలు, మొదట్లో. 2024లో పద్మశ్రీ అందుకున్న ఫ్రాన్స్ యోగా గురువు షార్లెట్ షోపాన్ యోగాలోకి వచ్చిందే 50 దాటాక. పుణెలో బీకేఎస్ అయ్యంగార్ గారు కుర్చీలు, బెల్టులు, చెక్క దిమ్మెలు వాడి ఒళ్లు వంగనివారికీ ఆసనాలు నేర్పారు. కాబట్టి పద్ధతి లేదనడానికి లేదు.

ఆయుష్ ఆరోగ్య కేంద్రాల్లో ఒక పురుషుణ్ని, ఒక మహిళను పార్ట్‌టైమ్ యోగా శిక్షకులుగా పెట్టుకునే ఏర్పాటు ఇప్పటికే ఉంది. పల్లెల్లో క్లినిక్కులు, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. బీపీ, షుగరు చూసేదీ అక్కడే. ఆ పరీక్ష అయ్యాక, మందుల చీటీ చూసి, వారానికి మూడు రోజులు పెద్దలకు వేరే బ్యాచ్ నడపడానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. తెల్లవారుజామున చీకట్లో, పాకుడు పట్టిన పలకల మీద కాకుండా, సాయంత్రం వరండాలో పెట్టాలి. చీర కట్టుకునే ఆడవాళ్లు పార్కులో అందరి మధ్య పడుకుని ఆసనాలు వేయలేరు, వారికి మహిళా శిక్షకురాలు ఉండాలి. కుర్చీలు కూడా చేతులు లేని ఇనుప కుర్చీలైతే మేలు. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, కాళ్లు విచ్చుకుంటుంది. ఏది వేసినా కుర్చీ వీపు గోడకు ఆన్చి పెట్టాలి. చిన్న విషయమే అనిపిస్తుంది కానీ పడేది మేమే.

పిల్లలు విదేశాల్లో ఉండి, ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు మా వీధిలోనే ఎందరో. ఒకరు పడితే రెండోవారు లేపలేరు. జిల్లా వైద్యాధికారులు, మున్సిపల్ కమిషనర్లు వచ్చే జూన్ 21లోగా కనీసం పట్టణానికి ఒకచోటైనా ఇలాంటి బ్యాచ్ మొదలుపెట్టాలని కోరుతున్నాను. మొదలైనచోట్ల వేళలు, చిరునామా మీ జిల్లా పేజీలో వేస్తే, ఫోన్లో వెతుక్కోవడం రానివారికి కూడా తెలుస్తుంది.

– విశ్రాంత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం