సంతకం చేయని వారి బతుకులను బజారుకెక్కించే హక్కు ఎవరిచ్చారు?

గౌరవనీయులైన సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది,

రియాలిటీ షోలలో పోటీదారుల కుటుంబ రహస్యాలను బయటపెడుతున్న తీరుపై ఒక ఛానెల్‌కు నేను పదే పదే ఫిర్యాదు చేశాను. 2021 నాటి కేబుల్ టీవీ నిబంధనలు ఫిర్యాదుల పరిష్కారానికి విధించిన 15 రోజుల గడువు దాటిన చాలా కాలానికి, పోటీదారు ఒప్పందంపై సంతకం చేశారు కనుక అభ్యంతరానికి తావు లేదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఆలస్యాన్ని సహించగలను గానీ ఆ జవాబును సహించలేక తమకు ఈ లేఖ రాస్తున్నాను.

సంతకం పోటీదారుది. మరి ప్రసారమైనది ఎవరి జీవితం? జీవితంలో అన్నిటికంటే బాధపెట్టిన సంఘటన చెప్పమని అడుగుతారు. పోటీదారు కన్నీళ్ళతో విడిపోయిన భార్య గురించో, తాగి కొట్టిన తండ్రి గురించో, పోగొట్టుకున్న బిడ్డ గురించో చెబుతారు. నేపథ్య సంగీతం జోడించి, అదే కన్నీటిని రోజంతా ప్రోమోగా తిప్పుతారు. ఆ భార్య ఏ ఒప్పందమూ చూడలేదు. తన వైపు కథ చెప్పుకోవడానికి ఆమెకు కెమెరా లేదు. ఆ ఇంటి పిల్లలు మర్నాడు బడికి వెళితే తోటి పిల్లలు ఏమడుగుతారో నిర్వాహకులు ఒక్కసారైనా ఆలోచించారా? రాత్రికి రాత్రి ఆ కుటుంబం పాత ఫోటోలను వెతికి పట్టుకుని దూషించే వారికి ఆ చిరునామా అందించింది ఆ ఎపిసోడే కదా!

పోటీదారు అంగీకారం సైతం నాకు సందేహాస్పదమే. ఫోను, వార్తలు లేకుండా వారాల తరబడి ఒకే ఇంట్లో ఉన్న మనిషి, మైకు సంగతి మరచి అర్ధరాత్రి స్నేహితుడితో చెప్పుకున్న మాటలో ఏ ముక్క ప్రసారమైందో బయటకు వచ్చేదాకా తెలుసుకోలేరు. తెలిశాక వెనక్కి తీసుకునే దారి లేదు.

జపాన్‌లో ఒక రియాలిటీ షోలో పాల్గొన్న రెజ్లర్ హనా కిమురా, సామాజిక మాధ్యమాల్లో దూషణల వెల్లువ తరువాత 2020 మే నెలలో 22 ఏళ్ళకే ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాతే అక్కడ ఇతరులను అవమానపరిచే నేరానికి శిక్షను పెంచారు. బ్రిటన్‌లోనూ 2019లో ఒక షోలో పాల్గొన్న వ్యక్తి మరణించాకే ఆ షోను నిలిపివేశారు. పాల్గొనేవారి క్షేమాన్ని ప్రసారకర్తల బాధ్యతగా చేసే నియమాలు అక్కడ 2021 ఏప్రిల్‌లో వచ్చాయి. మన దగ్గర కూడా ఒక ప్రాణం పోయేదాకా ఆగాలా?

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. టీవీ కార్యక్రమాలు పాటించాల్సిన మన ప్రోగ్రామ్ కోడ్ వ్యక్తులపై దుష్ప్రచారాన్ని నిషేధిస్తుంది. కానీ ఇంట్లో దాచుకున్న నిజాన్ని తెరకెక్కిస్తే అది దుష్ప్రచారం కాదని తప్పించుకుంటున్నారు. నిజమైనంత మాత్రాన అది ప్రజల సొత్తు అవుతుందా?

కాబట్టి అయ్యా, షోలో లేని వ్యక్తి గురించి చెప్పిన వ్యక్తిగత విషయం ఆ వ్యక్తి లిఖితపూర్వక అనుమతి లేకుండా ప్రసారం కాకూడదని ఆదేశించండి. పిల్లల విషయంలో అనుమతి ఉన్నా ప్రసారం వద్దు. పోటీదారుకు తన మాటను ప్రసారానికి ముందే వెనక్కి తీసుకునే వీలు కల్పించండి. ఇవన్నీ ఒకేసారి సాధ్యం కాకపోతే, కనీసం ఆ పిల్లల విషయమైనా తదుపరి సీజన్ మొదలయ్యేలోగా తేల్చమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ప్రేక్షకురాలు