గ్లూటెన్ ‘తీసేసిన’ బీరుకు హామీ ఏదీ?

సంపాదకుల వారికి,

గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ సీలియాక్ జబ్బున్నవారికి పడదు. వారి విషయంలో గ్లూటెన్ లేని జొన్న బీరు, గ్లూటెన్ ‘తీసేసిన’ బార్లీ బీరు ఒకటి కావు. రెండోదాంట్లో ఎంజైమ్ గ్లూటెన్‌ను ముక్కలు చేస్తుందే తప్ప బయటికి తీయదు. గ్లూటెన్‌ను కొలిచే మామూలు ‘శాండ్‌విచ్ ఎలైసా’ పరీక్షకు చిక్కాలంటే ప్రోటీన్‌పై యాంటీబాడీ (దాన్ని గుర్తుపట్టే అణువు) అతుక్కునే చోట్లు రెండుండాలి. చిన్న ముక్కకు ఒక్కటే ఉంటే పరీక్షకు అది కనబడదు. అందుకే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 నిబంధనలో, పులియబెట్టిన పదార్థాన్ని ‘గ్లూటెన్ ఫ్రీ’ అనాలంటే పులియబెట్టక ముందే ముడిసరుకు గ్లూటెన్ రహితమని రికార్డులు చూపమంది. అక్కడే 2017లో వచ్చిన అధ్యయనంలో 31 మంది సీలియాక్ రోగుల్లో ఇద్దరి రక్తంలోని యాంటీబాడీలు ఈ ముక్కలకు అతుక్కున్నాయి. హాని జరిగిందనడానికి అది రుజువు కాదు, కానీ ఈ బీరు ‘సురక్షితం’ అనే మాట వెనక్కి తీసుకోవడానికి చాలు.

యూరప్‌లో గ్లూటెన్ 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో 20) మించకపోతే బార్లీ బీరుకూ ‘గ్లూటెన్ ఫ్రీ’ ముద్ర వేస్తారు. అక్కడున్న మన సీలియాక్ బాధితులు ముద్ర చూసి ఆగకండి, పదార్థాల జాబితాలో బార్లీ మాల్ట్ ఉంటే ఆ సీసా కొనకండి.

— ఒక పాఠకుడు