సంతకం పెట్టని సర్పంచి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మొన్న పత్తికొండలో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన అన్నాడు: “పైనుంచి ఒత్తిడి వస్తే సర్పంచి మాత్రం ఏం చేస్తాడు పాపం, సంతకం పెట్టక!” అక్కడున్నవాళ్లంతా తలలూపారు. ఇరవై ఏళ్లు పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైన నేనూ ఊపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

జర్మనీలో బ్రెట్‌హైమ్ అని ఒక రైతుల పల్లె ఉంది. 1945లో, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, దానికి మేయర్ లియోన్‌హార్డ్ గాక్‌స్టాటర్. మేయరంటే పెద్ద నగరం మేయర్ అనుకోవద్దు, మన లెక్కలో సర్పంచే. అమెరికా సేన దగ్గరికొచ్చేసింది. ఏప్రిల్ 7న హిట్లర్ యువజన దళం పిల్లలు కొందరు, మీసాలు కూడా రానివాళ్లు, ట్యాంకుల్ని పేల్చే ఆయుధాలతో ఊళ్లోకొచ్చారు. వీళ్లు ఒక్కటి పేల్చినా అవతలివాళ్లు ఊరు తగలబెడతారని రైతుల భయం. ఫ్రీడ్రిహ్ హాన్సెల్‌మాన్ అనే రైతు, ఇంకొందరు కలిసి ఆ ఆయుధాలు లాక్కుని కుంటలో పారేశారు. పిల్లల్ని వెళ్లగొట్టారు.

ఎస్ఎస్ అనే నాజీ సాయుధ దళంవాళ్లు వచ్చి విచారణకు కూర్చున్నారు. హాన్సెల్‌మాన్‌కు మరణశిక్ష అన్నారు. ఆ కాగితం మీద మేయరూ, ఊళ్లోని నాజీ పార్టీ నాయకుడూ సంతకం చేయాలన్నారు. గాక్‌స్టాటర్ చేయనన్నాడు. ఆ పార్టీ నాయకుడు ఊరి బడిపంతులే, పేరు లియోన్‌హార్డ్ వోల్ఫ్‌మెయర్. ఆయనా చేయనన్నాడు! నన్ను ఎక్కువగా కుదిపింది ఈ పంతులే. పార్టీ వాళ్లది, పదవి వాళ్లిచ్చింది. అయినా తన ఊరి రైతు ప్రాణం దగ్గరికొచ్చేసరికి కలం ముట్టలేదు.

ఏప్రిల్ 10న ముగ్గుర్నీ శ్మశానం వాకిట ఉన్న చెట్లకు ఉరి తీశారు. శవాలను దించనివ్వకుండా రోజుల తరబడి అలాగే ఉంచారు. ఇంకో నాలుగు వారాలకు యుద్ధమే అయిపోయింది. ఆ శిక్షలను ఖాయం చేసిన ఎస్ఎస్ జనరల్ మాక్స్ సైమన్‌ను తర్వాత జర్మనీ కోర్టులు నిర్దోషి అని వదిలేశాయి. ఇది చదివినప్పుడు నాకు కడుపు మండింది.

ఇక నా సంగతి. 2002 కరువులో పనికి ఆహారం పథకం నడుస్తోంది. ఒక ఊళ్లో మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, నా ముందుకొచ్చింది. ముప్పై రెండు పేర్లు, ముప్పై రెండు వేలిముద్రలు. అన్నీ ఒకే బొటనవేలివి. ఆ వేలికి కొడవలి గాటు ఉన్నట్టుంది, ప్రతి ముద్రలోనూ అడ్డంగా తెల్లటి గీత. ఒక్కసారి చూస్తే చాలు, తెలిసిపోతుంది. నాకూ తెలిసింది. సంతకం పెట్టాను. నా మెడకు ఎవరూ ఉరితాడు చూపించలేదు. మహా అయితే ఆలూరు వైపు బదిలీ చేసేవాళ్లు. ఎండలో నిజంగా తట్ట మోసిన ఆడవాళ్లు బియ్యం కోసం పంచాయతీ ఆఫీసు మెట్ల మీద ఖాళీ సంచులతో కూర్చుంటే, నేను వెనక తలుపు గుండా వెళ్లిపోయాను.

సర్పంచులకు, కార్యదర్శులకు ఇచ్చే శిక్షణలో బిల్లులు, చెక్కులు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ చెబుతారు. సంతకం పెట్టకూడనప్పుడు ఏం చేయాలో చెప్పిన పూట నా సర్వీసులో ఒక్కటీ లేదు. “ఫలానా కారణం వల్ల సంతకం చేయలేదు” అని ఫైలులోనే రాసి, తేదీ వేసి, ఒక నకలు తన దగ్గర పెట్టుకోవచ్చని కొత్తవాళ్లకు ఎవరు చెప్పాలి? ఒక అరగంట దీనికి కేటాయించండని అధికారులను అడుగుతున్నాను. బ్రెట్‌హైమ్‌లో ఇప్పుడు ఆ ముగ్గురి స్మారకం ఉన్నది ఊరి పాలనా భవనంలోనే. మన శిక్షణ హాల్లో ఫోటోలు లేకపోయినా ఫర్వాలేదు, ఆ కథ చెబితే చాలు.

చెప్పేవాళ్లు దొరక్కపోతే నన్ను పిలవండి. కర్నూలుకు నా ఖర్చుతోనే వస్తాను. గాక్‌స్టాటర్ గురించీ చెబుతాను, ఆ మస్టరు గురించీ చెబుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పంచాయతీ కార్యదర్శి,
పత్తికొండ, కర్నూలు జిల్లా.