కార్డు సంగతీ, మరికొన్నీ

తిరుపతి, కొర్లగుంట

చిరంజీవి కిరణ్‌కు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. నాయన షుగరు మాత్ర మింగిన వెంటనే రెండో కాఫీ అడుగుతున్నారు. గంగజాతరకు దేవకత్త వాళ్లొచ్చారు, వేషాలు కట్టిన పిల్లలంతా నీ గురించి అడిగారు. నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నా, ఇంకేం లేదు.

అన్నట్టు, మొన్న రాత్రి తొమ్మిది దాటాక ఎవరో శీనుమామకు ఫోన్ చేసి, "కిరణ్ మీకేమవుతాడు, క్రెడిట్ కార్డు బాకీ ఎప్పుడు కడతాడు" అన్నారంట. రాంగ్ నంబరేమో అన్నాడు మామ. నేనూ సరేనన్నా. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మళ్లీ చేస్తే ఆ మాట అనమని మామకు నేర్పించా.

ఊరగాయ పెట్టా. ఈసారి కారం తగ్గించా, నీ కడుపు మంట గుర్తుంది.

పూల అంగడి పెదనాయన సంగతి నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. వంద రోజుల ఫైనాన్సు తీసుకున్నాడు. చేతికి తొమ్మిది వేలిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "నూటికి పదే కదా" అనేవాడు. యాభయ్యో రోజుకే సగం వాళ్లకు చేరిపోతుందని ఆలోచించలేదు. లెక్కేస్తే నెలకు ఆరు రూపాయల పైనే వడ్డీ. కట్టలేక ఇంకొకరి దగ్గర తీసుకున్నాడు, దానికోసం మూడో మనిషి దగ్గర. రోజూ కట్టిందానికి టిక్కులు పెట్టే కార్డులు మూడూ పూలబుట్టలో తడిగుడ్డ కింద దాచేవాడు. సిరా కరిగి ఏ రోజు కట్టాడో ఏ రోజు కట్టలేదో తెలియక రోజూ గొడవే. వైకుంఠ ఏకాదశి నాడు, ఏడాదిలో పెద్ద బేరం ఆ రోజే కదా, పెట్టె నిండకముందే ముగ్గురూ సైకిళ్లు ఆపుకుని నిలబడ్డారు. పెద్దమ్మ మెడలో చివరికి పసుపుతాడే మిగిలింది.

నీకు ఇదంతా ఎందుకంటావు. నీకు రెండు కార్డులున్నాయని అక్క నోరు జారింది, దాన్ని తిట్టొద్దు. డ్వాక్రా సంఘం పుస్తకం రాసే చేయి నాది, లెక్క చూడకుండా ఉండలేను. కార్డుకు నెలకు నూటికి మూడున్నర, కొన్నిటికి ఇంకా ఎక్కువే వడ్డీ వేస్తారు. మన వీధిలో మూడున్నర రూపాయల వడ్డీ అంటే వాడి గడప తొక్కరు. నలభై వేల బాకీ మీద మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, రెండు వేలనుకో. వడ్డీ 1,400, దాని మీద జీఎస్టీ 252. అసలులో తగ్గేది 348 రూపాయలే నాయనా! పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకినదానికి కూడా వడ్డీ లేని గడువు ఇవ్వరు, మొదటి రోజు నుంచే వడ్డీ. అందుకే ముందు కార్డు పక్కన పడెయ్. ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చు. ఇంకో యాప్‌లో తెచ్చి దీనికి కట్టే పని మాత్రం చేయకు. సగం కట్టి సెటిల్ చేసుకోమని వాళ్లే తీపిగా చెబుతారు. ఒప్పుకుంటే సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే మన అప్పుల చిట్టాలో, 'సెటిల్డ్' అని పడుతుంది, రేపు ఇంటి లోను అడిగినప్పుడు అదే అడ్డం. పూర్తిగా కట్టి, బాకీ లేదని కాగితం తీసుకో.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే కూర్చున్నా. అన్నం వేళకు తింటున్నావా? రాత్రిళ్లు ఆర్డరు పెట్టే బిర్యానీ మానేస్తే కార్డుకు సగం పని తగ్గుతుంది, నీ కడుపుకూ మంచిది.

నా గాజులు బ్యాంకులో పెడితే రూపాయి వడ్డీ లోపే ఇస్తారు. మేనేజరమ్మను అడిగొచ్చా. ఆ గాజులు నీ పెళ్లికి అని నాయన గొడవ చేస్తారు, అది నేను చూసుకుంటా.

శనివారం అక్క చేత ఊరగాయ డబ్బా పంపుతున్నా. మూత బిగుతు, గుడ్డతో పట్టుకుని తిప్పు. రెండు కార్డుల స్టేట్‌మెంట్లూ ఫోటో తీసి నాకే పంపు. నాయన ఫోనుకు పెట్టకు, ఆయనకు ఇంకా ఏమీ తెలియదు.

అమ్మ