ఏప్రిల్లో కొజుమెల్ వెళ్తున్నాం

హ్యూస్టన్,
ఫిబ్రవరి 9

అమ్మకీ, నాన్నగారికీ నమస్కారాలు.

మేమిద్దరం ఇక్కడ క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది.

మొన్న ఆదివారం ఫోన్లో "మళ్లీ సముద్రంలో డైవింగ్‌కి వెళ్తున్నాం" అనగానే అమ్మ మాట్లాడటం మానేసింది. తర్వాత నాన్నగారు ఫోన్ తీసుకుని ఎన్ని రోజులు, ఖర్చెంత, అందులో ఏమేమి కలుస్తాయి అని అడిగారు. వాటికి ఫోన్లో సగం సగం జవాబులు చెప్పడం నాకు నచ్చలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాన్నగారూ, దీన్ని అమ్మకి చదివి వినిపించేటప్పుడు ఏదీ వదిలేయకండి. కిందటిసారి నేను మీ ఇద్దరికీ చెప్పకుండా దాచింది కూడా ఇందులో ఉంది.

నిరుడు మేము మొదటిసారి ఒక కరీబియన్ ద్వీపానికి వెళ్లొచ్చాం కదా. ఫొటోలు చూసి అమ్మ "నీళ్లు అద్దంలా ఉన్నాయే" అంది. అన్నీ ప్యాకేజీలోనే, డైవింగ్‌తో సహా, అని ఉంటే చూసి బుక్ చేసుకున్న రిసార్టు అది. దిగగానే చేతికి ఒక పట్టీ కడతారు. అది ఉంటే మూడు పూటలా తిండికి, బార్‌లో తాగేవాటికి, రాత్రి పాటలకి, డాన్సులకి, దేనికీ మళ్లీ డబ్బు తీయక్కర్లేదు. డైవింగ్‌కీ అంతే. కానీ బోటులో పద్నాలుగు మందిమి, గైడ్ ఒక్కడు. మాలో నలుగురు అప్పుడే నేర్చుకున్నవాళ్లు. అతని కళ్లన్నీ వాళ్ల మీదే. ఆ ఒక్క మనిషిని నేను తప్పు పట్టను.

రెండో రోజు పదిహేను మీటర్ల లోతులో, ట్యాంకులో గాలి ఎంత ఉందో చూపే గేజ్ చూసుకుంటే 700 దగ్గర ఉంది. నిండు ట్యాంకులో 3000 దాకా ఉంటుంది, 500 మిగిలి ఉండగానే పైకి వచ్చేయాలని మాకు నేర్పారు. నాకు గాలి అందరికంటే ముందు అయిపోతుంది, కంగారులో ఊపిరి వేగంగా తీస్తాను కాబట్టి. గైడ్ ఎక్కడో ముందున్నాడు. మా ఆయన ఒక తాబేలుని ఫొటో తీస్తున్నారు. ట్యాంకు మీద టకటకా కొట్టాను. వెంటనే వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చారు. ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నెమ్మదిగా లేచాం. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఆగే వచ్చాం. ఏమీ కాలేదమ్మా. కానీ ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. "నేను నీ పక్కన ఉండాల్సింది" అని రెండు మూడుసార్లు అన్నారు. ఆ తర్వాత ఆయన నీళ్లలోకి కెమెరా తీసుకెళ్లలేదు.

అందుకని ఈసారి నాలుగు నెలలు వెతికాం. గదులు, ఈత కొలనులు, బీచ్ ఫొటోలు చివరికి పెట్టి, ముందు నీళ్ల కింద సంగతి అడుగుదామనుకున్నాం. అలా అడగడం మొదలుపెట్టాక ఒక విషయం అర్థమైంది. అన్నీ కలిసిన ప్యాకేజీ అంటారు కానీ చాలా చోట్ల డైవింగ్ మాత్రం అందులో కలవదు. రిసార్టులోనే డైవింగ్ షాపు ఉంటుంది, దాని లెక్క వేరు. ప్యాకేజీ ధరలో బార్ ఖర్చూ, రాత్రి కార్యక్రమాల ఖర్చూ కలిసే ఉంటాయి. పొద్దున్నే బోటు ఎక్కేవాళ్లు రాత్రి తాగరు, తాగకూడదు కూడా. తాగడం వల్ల ఒంట్లో నీరు తగ్గితే డైవింగ్‌లో ప్రమాదం పెరుగుతుంది. మేము తొమ్మిదింటికల్లా పడుకుంటాం. అంటే మనం వాడనిదానికి డబ్బు కట్టి, మనకి కావలసినదానికి మళ్లీ వేరే కట్టాలి. శాండల్స్ వాళ్ల రిసార్టుల్లో సర్టిఫికెట్ ఉన్న డైవర్లకి డైవింగ్ ప్యాకేజీలోనే ఉంటుంది, అవి దంపతుల కోసమే కట్టినవి కూడా. ధర మాత్రం మాకు అందలేదు.

మా హ్యూస్టన్ నుంచి నేరుగా విమానం వెళ్లే ద్వీపాలే చూశాం. రోవటాన్ అని హోండురాస్ దేశపు ద్వీపం ఒకటి ఉంది. అక్కడ డైవర్ల కోసమే కట్టిన రిసార్టులున్నాయి, భోజనం, గది, రోజూ బోటు డైవింగ్, అన్నీ నిజంగానే ఒకే ధరలో వస్తాయి. లెక్క ప్రకారం అదే మంచిది. కానీ అక్కడ బీచ్‌లో కంటికి కనపడనంత చిన్న ఈగలు కుడతాయి. చీమ కుట్టినా నాకు దద్దుర్లు లేస్తాయని మీకు తెలుసు, వదిలేశాం.

ఆయన మనసంతా బొనేర్ మీద ఉంది. వెనెజువెలాకి ఎదురుగా ఉండే చిన్న ద్వీపం, నెదర్లాండ్స్ కింద ఉంటుంది. 1979లోనే ద్వీపం చుట్టూ సముద్రాన్ని రక్షిత పార్కుగా చేశారు. ఒడ్డు నుంచి 60 మీటర్ల లోతు దాకా పగడాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, చేతికి గ్లవ్స్ కూడా వేసుకోనివ్వరు. అక్కడ బోటుతో పని లేదు. ఒక ట్రక్కు అద్దెకి తీసుకుని, వెనక ట్యాంకులు వేసుకుని, రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాయి కనపడిన చోట ఆపి, నడిచి నీళ్లలో దిగడమే. ఆ రాళ్ల మీద డైవింగ్ చోటు పేరు రాసి ఉంటుంది. తుపానుల దారికి కూడా అది చాలా వరకు పక్కన ఉంటుంది. నాన్నగారూ, మీరు పోర్టులో పనిచేశారు కాబట్టి ఇది మీకు రాయాలి. అక్కడ హిల్మా హుకర్ అని 72 మీటర్ల సరుకు ఓడ నీళ్లలో పడుకుని ఉంది. ఇంజన్ చెడి బొనేర్ చేరితే తనిఖీలో దొంగ గోడ వెనక గంజాయి మూటలు దొరికాయి. ఓడ సొంతదారులెవరో తేలక అలాగే నిలిపి ఉంచితే, నీళ్లు ఎక్కి 1984 సెప్టెంబర్‌లో మునిగింది. ఇప్పుడు ముప్ఫై మీటర్ల లోతులో పక్కకి ఒరిగి ఉంది, డైవర్లు చాలామంది దాన్ని చూడటానికి వెళ్తారు.

మంచి చోటే. కానీ గైడ్ లేకుండా మేమిద్దరమే నీళ్లలోకి దిగాలి, మేమే దారి చూసుకుని రావాలి. నిరుడు అలా జరిగిన తర్వాత నాకు ఇంకా ఆ ధైర్యం రాలేదు. ఈ మాట చెప్పడానికి రెండు రోజులు తటపటాయించాను. చెప్పగానే ఆయన బొనేర్ కాగితాలన్నీ సర్ది డ్రాయర్‌లో పెట్టేశారు, ఇంకో మాట అనలేదు.

అలా కొజుమెల్ దగ్గర ఆగాం. మెక్సికో ద్వీపం, ఇక్కడి నుంచి రెండు గంటల పైన ప్రయాణం. మా పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా స్టాంపు చెల్లుబాటులో ఉంది కాబట్టి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. ఆ టెన్షన్ కూడా తప్పింది.

కొజుమెల్‌లో సముద్రం మనిషిని మోసుకెళ్తుంది. ద్వీపానికి పడమటి వైపు ప్రవాహం ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి పోతూ ఉంటుంది. బోటు ఒక చోట దింపుతుంది, మనం ఈత కొట్టనక్కర్లేదు, నీటి వాలుకి అలా సాగిపోతూ ఉంటే పగడపు గోడలు పక్క నుంచి కదిలిపోతాయి. బోటు ఖాళీగా మన బుడగల వెంట వచ్చి, ఎక్కడ తేలితే అక్కడ ఎక్కించుకుంటుంది. కాళ్లు ఆడించే పని తగ్గితే ఊపిరి నెమ్మదిస్తుంది, ఊపిరి నెమ్మదిస్తే గాలి ఎక్కువసేపు వస్తుంది. నాకు కావలసింది అదే. అయితే ఆ వాలులోనే ఒకరికొకరు దూరమయ్యే వీలు కూడా ఉంది. అందుకని ఇద్దరం చెరొక గాలి నింపే ఎర్ర గొట్టం కొన్నాం. పైకి తేలేటప్పుడు దాన్ని నిలబెడితే బోటువాళ్లకి దూరం నుంచి కనపడుతుంది.

ద్వీపం దక్షిణ కొసన పలన్‌కార్ అనే పగడపు దిబ్బల వరస ఉంది. ఆ వైపున్న రిసార్టు ఒకటి తీసుకున్నాం, బోటు ప్రయాణం తక్కువ. దాని డైవింగ్ షాపుకి నేను మూడుసార్లు ఫోన్ చేశాను. గైడ్‌కి ఎంతమంది? అనుభవాన్ని బట్టి జట్లు వేరు చేస్తారా? నా గాలి ముందు అయిపోతే అందరూ పైకి రావాలా, లేక మేమిద్దరమే రావచ్చా? మూడోసారి ఫోన్ తీసిన ఆవిడ విసుక్కోకుండా అన్నీ చెప్పింది. ఆరుగురికి ఒక గైడ్. ముందు వచ్చేవాళ్లని బోటు ముందే ఎక్కించుకుంటుంది, మిగతావాళ్లు కింద ఉండొచ్చు. పైగా నా సంగతి విని, మామూలు ట్యాంకు కాకుండా పెద్ద ట్యాంకు పెడతానంది. ఆ మాట విన్నాకే డబ్బు కట్టాం. నాన్నగారూ, మీ లెక్కకి: డైవింగ్ ఖర్చు ప్యాకేజీలో కలవలేదు. రిసార్టుకి అయ్యేదానిలో మూడో వంతు దాకా పైన అవుతుంది. అయినా నిరుడు ఉచితంగా దొరికిన డైవింగ్ కంటే ఇది నాకు చవకే అనిపిస్తోంది.

ఏప్రిల్ చివరి వారం కూడా ఊరికే పెట్టుకోలేదు. చలికాలంలో అక్కడ ఉత్తరపు గాలులు లేస్తాయి, గాలి ముదిరితే రేవు మూసేసి బోట్లని వదలరు. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుపానుల కాలం. 2005 అక్టోబర్‌లో విల్మా తుపాను ఆ ద్వీపం మీదే వచ్చి పగడాన్ని చాలా పాడుచేసింది. హుద్‌హుద్ తుపాను రోజు మనింటి తలుపులు ఎలా కొట్టుకున్నాయో తలుచుకుంటే, ఆ నెలల్లో వెళ్లాలని నాకు అనిపించదు. వేసవి దగ్గరపడ్డాక కరీబియన్ ఒడ్డులకి సర్గాసం అనే గోధుమ రంగు నాచు గుట్టలుగా కొట్టుకొస్తుంది, 2011 నుంచి అది బాగా ఎక్కువైంది. మెక్సికో ఒడ్డున ఉన్న కాన్‌కూన్ ఊరి వైపు బీచ్‌లు కొన్నాళ్లు దానితో నిండిపోతాయి. కొజుమెల్ పడమటి ఒడ్డుకి ఆ బెడద తక్కువ. పగడానికి మాత్రం వేరే జబ్బు పట్టింది. 2019లో పలన్‌కార్‌తో సహా కొన్ని చోట్లని దాని కోసమే కొన్నాళ్లు మూసేశారు. అది చదివినప్పటి నుంచి నాకు దిగులుగా ఉంది. ఉన్నదాన్ని చూసి రావాలి, ఒక్క వేలు కూడా తగలకుండా.

అమ్మా, ఇప్పుడు నీ భయం సంగతి. లోతులో ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి ఎక్కువగా కరుగుతుంది. గోలీ సోడాలో గాలి అణిగి ఉన్నట్టు అనుకో. గోలీ ఒక్కసారిగా నొక్కితే బుస్సున పొంగుతుంది కదా, మనిషి గబగబా పైకి వచ్చేస్తే ఒంట్లో అలా బుడగలు లేస్తాయి. అందుకే నెమ్మదిగా రావడం, మధ్యలో ఆగడం. ఆ జబ్బు వస్తే వైద్యం చేసే ప్రెషర్ ఛాంబర్ కొజుమెల్‌లోనే ఉంది. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ దగ్గర ఇద్దరం ఇన్సూరెన్స్ తీసుకున్నాం, వాళ్ల ఎమర్జెన్సీ ఫోన్ రోజంతా పనిచేస్తుంది. వెళ్లేలోపు ఇక్కడ హంట్స్‌విల్ దగ్గర, మేము మొదట నేర్చుకున్న పాత క్వారీ నీళ్లలో రెండు శనివారాలు ప్రాక్టీసు చేస్తాం.

ఇంత తాపత్రయం ఎందుకో కూడా చెప్తాను. రెండేళ్లుగా నువ్వు అడుగుతున్న మాటకి నేను ప్రతిసారీ ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఈ ప్రయాణం అయ్యాక మేమూ పిల్లల కోసం చూద్దామనుకుంటున్నాం. కడుపుతో ఉన్నప్పుడు డైవింగ్ చేయకూడదు. తర్వాత పసిబిడ్డతో ఎన్నాళ్లకి కుదురుతుందో తెలియదు. నిరుటి భయం మనసులో అలా ఉండిపోగా ఆపేయడం నాకు ఇష్టం లేదు. ఒక్కసారి నిబ్బరంగా దిగి, నిబ్బరంగా లేచి, అప్పుడు ఆపాలని ఉంది. ఆయనకి ఇది చెప్తే వెంటనే అర్థం చేసుకున్నారు. నువ్వూ అర్థం చేసుకుంటావని రాస్తున్నాను.

శనివారం దిగుతాం. ఆదివారం నుంచి గురువారం దాకా పొద్దున పూట డైవింగ్. చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, మేము శుక్రవారం మొత్తం నేల మీదే ఉంటాం. ఆ రోజు ద్వీపం ఉత్తర భాగంలో శాన్ హెర్వాసియో అనే చోటికి వెళ్తాం. మాయా అనే అక్కడి పూర్వపు జనం కట్టిన పాత రాతి గుళ్లున్నాయి. ఇష్‌చెల్ అనే అమ్మవారి క్షేత్రం అది. చంద్రుడికీ, పురుళ్లకీ ఆవిడే దేవత. పూర్వం మాయా ఆడవాళ్లు సంతానం కోసం పడవల్లో సముద్రం దాటి ఆ ద్వీపానికి వచ్చి మొక్కుకునేవారట. నువ్వు చందనోత్సవానికి సింహాచలం వెళ్తే అప్పన్నకి మా ఇద్దరి పేరు మీద పూజ చేయించు. అక్కడ ఆవిడకి నేను దణ్ణం పెట్టుకుంటాను.

గురువారం ఆఖరి డైవ్ అవగానే బోటు మీంచే తమ్ముడికి మెసేజ్ పెడతాను. మీకు అర్ధరాత్రి అవుతుంది, మేలుకుని కూర్చోకండి. శుక్రవారం పొద్దున అక్కడ ఎనిమిదింటికి, అంటే మీకు సాయంత్రం ఆరున్నరకి, ఫోన్ చేస్తాను. ఆ వేళకి అమ్మని గుడికి వెళ్లకుండా ఇంట్లోనే ఉండమనండి.

మీ
చిన్ని