చేతిరాత బోర్డుల సంఘం వార్షిక నివేదిక: శ్రీ దగ్గరే ఆగిన ఫాంటు, మిగతా సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి సర్వసభ్య సమావేశంలో మూడు పనులు అనుకున్నాం. వేసవిలో బ్రష్షుతో బోర్డు అక్షరాలు రాసే శిక్షణ, చేత్తో రాసిన పాత బోర్డుల ఫొటోల సేకరణ, మన సీనియర్ పెయింటర్ మాస్టారి చేతిరాతను కంప్యూటర్ ఫాంటుగా చేయడం. మొదటిది సగం జరిగింది. రెండోది నడుస్తోంది. మూడోది 'శ్రీ' అనే ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో కాస్త వివరంగా చెప్పాలి.

కంప్యూటర్లలో ప్రతి భాష అక్షరాలకూ నంబర్లు ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు ఇచ్చిన స్థానాలు 128. వాటిలో వత్తులకు విడిగా చోటు లేదు. రెండు హల్లులు కలిస్తే ఏ ఆకారం రావాలో ఫాంటే చూసుకోవాలి. కాబట్టి అక్షరమాల ఒక్కటీ రాయించుకుంటే సరిపోదు, వందల ఆకారాలు కావాలి. మన కుర్రాళ్లు పెద్ద పట్టీ తయారు చేసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లారు. ముందుగా శ్రీ రాయమన్నారు. ఆయన బ్రష్షు ముంచి, "ఏ బోర్డుకి?" అని అడిగారు.

షాపు పేరు చిన్నదైతే ఆయన శ్రీ కింది క్రావడిని పేరు చివరిదాకా సాగదీస్తారు. పేరు పొడుగైతే శ్రీని ఇరుకు చేసి, గుడిదీర్ఘాన్ని పైకి చుట్టేస్తారు. ఆ మధ్యాహ్నం ఏడు శ్రీలు రాశారు, ఏ రెండూ ఒకలా లేవు. ఫాంటు చేసే కుర్రాడికి టెన్షన్. మాస్టారు మాత్రం ఎనిమిదోదానికి కాగితం అడిగారు.

బాపు గారి చేతిరాత ఫాంటు అయింది కదా, ఇదెందుకు కాదని కొందరు సభ్యులు అడిగారు. నిజమే, అయింది. ఈ ఫాంటు కూడా అవుతుంది. కాకపోతే ఒక్క శ్రీతో సరిపెట్టకుండా రెండు మూడు రూపాలు పెట్టి, వాడేవాళ్లు ఎంచుకునేలా చేయాలని కమిటీ తీర్మానించింది. ఏడూ పెట్టాలన్నది నా మాట, అది వీగిపోయింది.

ఇక వేసవి శిక్షణ. మొదటి రోజు హాల్లో కూర్చోవడానికి చోటు లేదు. సర్టిఫికెట్ ఇస్తామని పోస్టర్‌లో వేయడం మన పొరపాటు. ఆ పోస్టర్ రాసింది నేనే. మాస్టారు మొదటి మూడు రోజులూ సున్నాలే రాయించారు. సున్నా కుదరని చేతికి ర రాదు, ఠ అసలే రాదు అంటారాయన. తర్వాత తలకట్లు. జ, ట, ణ, బ, ల లాంటివాటికి తలకట్టు లేదన్న సంగతి చిన్నప్పటి నుంచీ తెలుగు రాస్తున్నవాళ్లు కూడా అప్పుడే గమనించారు. మూడో వారానికి మిగిలింది ఇద్దరు అమ్మాయిలు, ఒక ఆటో డ్రైవర్.

ఆ ముగ్గురికీ ఒక స్కూలు గోడ ఇచ్చాం. దారానికి సుద్ద పూసి, లాగి వదిలి గీతలు కొట్టుకున్నారు. అక్షరం ఎత్తుకు లెక్క వేసుకున్నారు, కింద వత్తులకు చోటు వదలడం మర్చిపోయారు. 'రాష్ట్రం' దగ్గరికి వచ్చేసరికి ష కింద ట వత్తు, దానికి తోడు క్రావడి, రెండూ వెళ్లి కింది వరసలో పడ్డాయి. మాస్టారు ముందే చూశారట, ఏమీ అనలేదు. ముగ్గురూ టర్పెంటైన్ గుడ్డతో ఆ వరసంతా తుడిచి మళ్లీ రాశారు. హాల్లో మూడు వారాల్లో ఎక్కని పాఠం ఆ గోడ దగ్గర ఒక్క పూటలో ఎక్కింది.

ఈ ముగ్గురినీ పాతబస్తీకి కూడా తీసుకెళ్లాం. మొహర్రం పీర్లను నిలిపే బాద్‌షాహీ అషూర్‌ఖానాలో కుతుబ్‌షాహీల నాటి రంగు పలకల మీద రాత చూసి, ఛత్తా బజార్‌లో ఉర్దూ అక్షరాలు అందంగా రాసే ఒక ఉస్తాద్ దగ్గర కూర్చున్నాం. రెల్లు కలాన్ని ఏటవాలుగా కోసి, ఆ మొనతో పెట్టిన చుక్కే కొలత అంటారాయన. ఉర్దూ మొదటి అక్షరం అలిఫ్ ఎత్తు ఎన్ని చుక్కలో ముందే లెక్క ఉంటుంది. మన మాస్టారికి ఉర్దూ చదవడం రాదు. అయినా ఇద్దరూ గంటసేపు బ్రష్షు వెడల్పు గురించీ కలం మొన గురించీ మాట్లాడుకున్నారు, మేం టీలు మోశాం.

ఫొటోల పని సుల్తాన్ బజార్, కోఠి, సికింద్రాబాద్ వైపు నడుస్తోంది. ఒక దుకాణంలో ఫ్లెక్సీ ఊడిపోతే వెనక పాత ఎనామెల్ బోర్డు చెక్కుచెదరకుండా ఉంది. మూలన పెయింటర్ సంతకం కూడా ఉంది. ఓనరు మళ్లీ ఫ్లెక్సీ కట్టేలోపు ఫొటో తీసుకున్నాం. ఒక అపార్ట్‌మెంట్ ప్రహరీ మీద మనం రాసిన పద్యాలకు మాత్రం అక్కడి కమిటీ ఒక్క మాటైనా చెప్పకుండా సున్నం వేయించింది. ఉత్తరం రాశాం, జవాబు లేదు.

లెక్కల పత్రం విడిగా జతచేశాం. ఎక్కువ ఖర్చు రంగులకూ, మాస్టారి రోజు కూలికీ అయింది. సేవకు కూలి ఏమిటని ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. ఆయన మనకు ఒక రోజు ఇస్తే బయట ఒక బోర్డు పోగొట్టుకున్నట్టే. ఈ విషయంలో కమిటీ వెనక్కి తగ్గదు.

వచ్చే ఏడాది సర్టిఫికెట్లు ఉండవు. నేర్చుకునేవాళ్లు మాస్టారి పక్కన అసలు పనిలోనే కూర్చుంటారు. అందుకు పని కావాలి. ఇంటి నేమ్‌ప్లేటో, పెళ్లి కార్డు మీద శ్రీరస్తు శుభమస్తో, ఏదైనా మీరే ఇప్పించాలి.

మిగిలిన ఎనామెల్ డబ్బాలు మా ఇంట్లో మెట్ల కింద ఉన్నాయి. కావలసినవాళ్లు తొందరగా వచ్చి తీసుకెళ్లండి. రెండింటికి మూతలు సరిగ్గా పట్టడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి