నీకు అర్థం కాదులే అన్న మాటకు జవాబు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. డిప్రెషన్‌కు ఇచ్చిన మందులు పడుతున్నాయనీ, నిద్ర కాస్త దారిలోకి వచ్చిందనీ చదివి స్థిమితపడ్డాను. అయితే చివర్లో "ఇది పడ్డవాడికే తెలుస్తుంది, నీకెంత చెప్పినా అర్థం కాదులే" అని రాసి ఊరుకున్నావు చూడు, అక్కడ నీతో నాకు పేచీ ఉంది.

ఆ మాట ఎందుకన్నావో ఊహించగలను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "మనసు గట్టి చేసుకో", "పని లేక ఆలోచనలు ఎక్కువయ్యాయి" అని ఒక సలహా పారేసి, కాఫీ తాగి వెళ్ళిపోతుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. బయటివాళ్ళు తమకు తెలిసిన దిగులునే నాలుగింతలు చేసి, డిప్రెషన్ అంటే ఇదే కాబోలు అనుకుంటారన్నదీ నిజమే. స్నానానికి లేచి చెంబుతో నీళ్ళు పోసుకోవడమే కొండంత పనైపోయే స్థితి, మామూలు దిగులు ఎంత ముదిరినా రాదని నువ్వు చెప్పాకే నాకు తెలిసింది. అంతవరకు నీతో ఏకీభవిస్తాను.

కానీ మా అన్నయ్య సంగతి తీసుకో. వాడిది బైపోలార్ జబ్బు, హద్దు దాటిన హుషారూ లోతైన డిప్రెషనూ మార్చి మార్చి వస్తాయి. ఆ హుషారు పైకి లేచిన రోజుల్లో, తెల్లవారుజామున మూడింటికి బీరువాలోని చొక్కాలన్నీ తీసి ఇస్త్రీ చేసేవాడు. ఎప్పుడో రాకపోకలు ఆగిపోయిన బంధువులకు అర్ధరాత్రి ఫోన్లు చేసి, లేని వ్యాపారంలో వాటాలిస్తానని మాట ఇచ్చేవాడు. కంటి మీద కునుకు లేకపోయినా మొహం మాత్రం కళకళలాడుతూ ఉండేది. డాక్టరు మాటెత్తితే "జబ్బు నాకు కాదు, మీకు" అనేవాడు. అనుభవిస్తున్నవాడు తనే అయినా, అది జబ్బని అప్పుడు తెలిసింది మాకే. తనకు జబ్బుందన్న ఎరుకనే చెరిపేయడం కొన్ని మానసిక వ్యాధుల లక్షణం కాబట్టి, అనుభవం ఒక్కటే అవగాహన ఇస్తుందంటే నేను ఒప్పుకోలేను. అమెరికాలో కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ అనే సైకాలజిస్టు ఉన్నారు. ఈ జబ్బు మీదే పరిశోధన చేసి, తనకూ అదే ఉందని 1995లో స్వయంగా రాసి లోకానికి చెప్పారు. చదువూ అనుభవమూ రెండూ ఉన్న ఆవిడే తొలినాళ్ళలో ఈ జబ్బుకిచ్చే లిథియం అనే మందు మానేస్తూ, జబ్బు తిరగబెట్టి నానా అవస్థలు పడ్డారు.

పైగా, ఎవరి అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలి? నీ ఫైలు మీదా అన్నయ్య పాత ఫైలు మీదా డిప్రెషన్ అనే ఉంటుంది, కానీ నీకు నిద్ర పట్టలేదు, అన్నయ్య పగలంతా మంచం దిగలేదు. ఇక స్కిజోఫ్రీనియా అనే జబ్బులో, పక్కన ఎవరూ లేకున్నా మాటలు వినిపించే మనిషి ముందు నువ్వూ నాలాగే బయటివాడివి కదా!

ఆ మాటలు వినిపించే విషయంలోనే నాకు బాగా నచ్చిన ఉదంతం ఒకటుంది. కొన్ని భ్రమలను లోపలినుంచి అర్థం చేసుకోవడం ఎవరి తరమూ కాదని, వాటికి కారణాలు మాత్రమే వెతకగలమని జర్మన్ సైకియాట్రిస్టు కార్ల్ యాస్పర్స్ 1913లోనే రాశాడు. పెద్ద పండితుడే, కానీ ఆ మాటను సాకు చేసుకుని చాలామంది డాక్టర్లు అడగడమే మానేశారని నా అనుమానం. నెదర్లాండ్స్‌లో మారియస్ రోమ్ అనే సైకియాట్రిస్టును ఆయన పేషెంటు పాట్సీ హేగ్ అడగనిచ్చింది, ఇంకా చెప్పాలంటే అడిగేలా పట్టుబట్టింది. ఇద్దరూ కలిసి 1987లో టీవీలో కనిపించి, మాటలు వినిపించేవాళ్ళు ఫోన్ చేయమంటే వందల మంది చేశారు. వాళ్ళలో ఏ డాక్టరు గడపా తొక్కనివాళ్ళూ ఉన్నారు. రోమ్‌కు ఏనాడూ ఏ మాటలూ వినిపించలేదు. ఆయన చేసిందల్లా "ఆ మాటలు ఏమంటున్నాయి?" అని అడిగి, చెప్పింది నమ్మడం. మన దగ్గర మాత్రం ఇంకా "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుకుంటూనే ఉన్నాం.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది: మనిషి స్థిమితంగా ఉన్నప్పుడే, రేపు జబ్బు ముదిరితే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగా రాసి పెట్టుకోవచ్చు, తన తరఫున నిలబడే మనిషినీ ఎంచుకోవచ్చు. అంటే చెప్పేది జబ్బు పడ్డవాడు, జరిపించేది ఆ జబ్బు పడనివాడు. దీన్ని చూసే అన్నయ్య ఒక కాగితం రాసి నా చేతికిచ్చాడు. చట్టప్రకారం రిజిస్టరు చేయించింది కాదు, ఇంటి మట్టుకే. "వరసగా రెండు రాత్రులు నిద్రపోకపోతే నా మాట వినకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అమ్మ ముందు మాత్రం నన్ను గద్దించకండి" అని ఉంది అందులో. రెండో వాక్యం నాకు ఏ డాక్టరూ చెప్పలేదు, నా అంతట నాకు తోచేదీ కాదు.

లిథియం వల్ల అన్నయ్య చేయి సన్నగా వణుకుతుంది. అమ్మ ఇప్పుడు టీ గ్లాసు సగమే నింపి ఇస్తుంది, అయ్యాక మిగతా సగం పోస్తుంది. అమ్మ చేయి ఏనాడూ వణకలేదు మరి! ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుందని తెలిసినప్పటినుంచి మజ్జిగ చెంబు కూడా పక్కనే పెడుతోంది.

కాబట్టి నాకు అర్థం కాదని తేల్చేయకు, తీరిగ్గా చెప్పు. పొద్దున్న లేవగానే ఎలా ఉంటుంది, ఏ వేళకు తేలికపడుతుంది, నేను ఫోన్లో అనే మాటల్లో నిన్ను గుచ్చేవి ఏవి, ఈసారి ఉత్తరంలో రాయి. తగ్గింది కదా అని మందులు నీ అంతట నువ్వు ఆపకు, డాక్టరును అడిగి చెయ్యి. దసరాకు నేను అటు వస్తున్నాను. నలుగురితో కూర్చోవడం ఇంకా కష్టంగా ఉంటే ముందే చెబితే, మీ ఇంట్లో దిగకుండా ఊళ్ళో ఇంకెక్కడైనా ఉండి సాయంత్రాలు వస్తాను.

ఇట్లు
నీ మిత్రుడు